వంతెన దాకా ఘటం

2025 మార్చి 3, సోమవారం

ఆస్పత్రి నుంచి ఫోను. ఎవరో చిన్నపిల్ల గొంతు, బెంగాలీలో. "మాశీమా, మీకు స్టెంట్ వేసి ఐదేళ్ళు దాటింది. ఎలా ఉన్నారో కనుక్కోమన్నారు" అంది. మాశీమా అంటే వాళ్ళ భాషలో పిన్నమ్మ. ఇక ఒకటే ప్రశ్నలు. రెండంతస్తులు ఎక్కగలరా, బజారుకి నడిచి వెళ్ళగలరా, నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టుంటుందా. నేనేమో డ్యూటీలో ఉన్నాను. చేతిలో చెత్త బండి, మెళ్ళో ఈల. కార్పొరేషన్ వాళ్ళం ఈల ఊదితే గాని ఈ కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో ఒక్క ఇంటివాళ్ళూ బకెట్టు పట్టుకుని కిందికి దిగరు. జవాబులు చెప్పే ఓపిక లేక ఈల ఫోను దగ్గర పెట్టి ఒక్క ఊదు ఊదాను. "ఓ మా గో!" అని అరిచింది అవతల పిల్ల. "ఇదే నా జవాబు. రాసుకో" అన్నాను.

ఐదేళ్ళ కిందట నాకు ఈల ఊదే ఊపిరి లేదు. గుండెకి పోయే పెద్ద నాళం ఒకటి నూటికి నూరు పాళ్ళు మూసుకుపోయిందని చెప్పారు. ఎప్పుడు మూసుకుందో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. ఏళ్ళే అయి ఉంటుందన్నారు. అయినా చచ్చానా? చావలేదు. మూసుకున్న నాళంతోనే వీధులు ఊడ్చాను. సత్యవేణి అంటే మాటలు కాదు.

ఊదాక కాస్త ఆయాసం వచ్చింది. ఎండ.

మార్చి 9, ఆదివారం

మా కోడలు అశ్విని న్యూ టౌన్‌లో ఒక కంపెనీ క్యాంటీన్లో చేస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరం ముక్క చదవలేదు. అందుకే ఈ డైరీని నిర్భయంగా గూట్లో పడేస్తాను. ఈ ఇంట్లో తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. ఇంగ్లీషు మాత్రం ఆ పిల్ల ఫోన్లో గడగడా చదివేస్తుంది. ఇవాళ అన్నాల దగ్గర మొదలెట్టింది.

"అత్తా, పూర్తిగా మూసుకుపోయిన దానికి స్టెంట్ ఏసినా, ఒట్టి మందుల్తో ఉన్నా, బతికే ఏళ్ళల్లో పెద్ద తేడా కనబళ్ళేదంట. ఇందులో రాసినారు."

మా ఆయన సూరన్న కంచంలోంచి తలెత్తాడు. "అయితే ఊరికే ఏసినారేటి?"

నాకు ఒళ్ళు మండింది. "ఊరికేనా? కొళాయి కాడి నుంచి బిందె తెచ్చినప్పుడు దారంతా కూకుంటూ వొచ్చీదాన్ని. నువ్వు సూళ్ళేదా మావా? ఆయుస్సు సంగతి ఎవులికి తెలుసు? ఉన్నన్నాళ్ళూ నడవాల గదా!"

"ఇప్పుడు నానేటన్నాను" అని మళ్ళీ కంచంలో తల పెట్టాడు.

స్టెంట్ వేసిన రోజే డాక్టరమ్మ చెప్పింది. "సత్యవేణీ, నీ ఆయుష్షు పెరుగుతుందని నేను మాట ఇవ్వను. నొప్పి తగ్గుతుంది, నడుస్తావు. అంతవరకు చెప్పగలను" అంది. అదే చాలన్నాను. ఆయుష్షు అసిరితల్లి ఇస్తుంది, నడక డాక్టరమ్మ ఇచ్చింది. ఎవరి పని వాళ్ళది. ఆ నడకతోనే కదా ఏటా తల్లి ఘటం ఎత్తుతున్నాను. అంతకు ముందు కొన్నేళ్ళు అది మా బస్తీలోనే ఉండే రమాకుమారి తల మీదికి పోయింది. ఆ కొన్నేళ్ళూ నేను గడపలో కూచుని డప్పులు విన్నాను. ఇంకోసారి అలా కూచునే ఉద్దేశం నాకు లేదు.

మార్చి 12

గ్యాసు. నిన్న శనగపప్పు ఎక్కువ తిన్నాను.

మార్చి 16, ఆదివారం

కోదండం ఇంటి ముందు ఘటం మాటలు జరిగాయి. కోదండం ఓడల డాకులో మేస్త్రీ చేసి దిగాడు, మా బస్తీకి పెద్ద. ఏప్రిల్ ఎనిమిది, మంగళవారం అని ఖాయం చేశాడు. గుడి దగ్గర ఎత్తాలి, డాకు వంతెన ఎక్కి దిగాలి, గంగ ఒడ్డున దించాలి. మధ్యలో ఘటం నేల తాకకూడదు, ఎత్తిన తల మారకూడదు. మా తాతలు సిక్కోలు నుంచి వచ్చి ఇక్కడ ఓడలకి బొగ్గు మోసిన రోజుల నుంచీ ఇదే పద్ధతి.

"సత్తివేణీ, నీకు గుండి జబ్బు గదా. ఈ ఏడు తల మార్సుదుమా?" అన్నాడు కోదండం.

"నా తలకేటొచ్చింది పెద్దన్నా? జబ్బు గుండికి. ఘటం ఎత్తేది తలతోటి."

అందరూ నవ్వారు. రమాకుమారి నవ్వలేదు. "వొదినా, మొన్న వంతెన కాడ బండి ఆపీసి నిలబడిపోనావంట" అంది, గొంతుకి బెల్లం పూసి.

"ఎవులు సెప్పినారు? లారీ అడ్డొచ్చింది."

లారీ అడ్డొచ్చిన మాట నిజమే. లారీ వెళ్ళిపోయాక కూడా కాస్సేపు నిలబడ్డాను, అది వేరే సంగతి.

మార్చి 20

ఈల పాతబడిపోయింది. గల్లీ చివరి దాకా వినబడటం లేదు. చివరి ఇంట్లో పై అంతస్తు బెంగాలీ వదిన, బౌదీ అంటాం, "మాశీ, ఈల ఊదకుండా పోతే చెత్త నా నెత్తిన పోసుకోనా" అని దెబ్బలాడింది. ఆవిడకి రోజూ ఏదో ఒకటి ఉండాలి. కొత్త ఈల అడగాలి.

మార్చి 21

ఈల బాగానే ఉందని మావ ఊది చూపించాడు. బస్తీ బస్తీ అంతా వినబడేలా ఊదాడు. ఇంట్లో ఈల ఊదితే దరిద్రం అని తిట్టి లాక్కున్నాను.

మార్చి 26

డాకు వంతెన ఉత్త తలతో ఎక్కి చూశాను. ఎక్కాను. మధ్యలో ఆగి ఓడలు చూశాను. పెద్ద ఓడ ఒకటి వచ్చి ఉంది, చాలాసేపు చూశాను. ఓడలు చూడటమంటే నాకు ఇష్టం.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మావ, "నలబై ఏళ్ళు ఓడల్లో సరుకు దించినాను, ఏ నాడూ ఓ ఓడ సూడ్డానికి నువ్వు రాలేదే" అన్నాడు. ఈయనకి అక్కర్లేనివన్నీ గుర్తుంటాయి.

మార్చి 31, సోమవారం

ఇవాళ్టి నుంచి నిష్ఠ. ఒంటిపూట తిండి, చాప మీద పడక, కాళ్ళకి చెప్పుల్లేవు. అశ్విని తలంటుకుని వచ్చి నాకు వేరే పొయ్యి మీద వండిపెట్టింది, తనూ నాతో పాటే ఒంటిపూట తింది. నేను అడగలేదు.

నెత్తురు పల్చన చేసే మాత్ర కొత్త డబ్బాకి వారం కిందటే మూత బిగించాను. ముందుగా మానితే గాని చిగుళ్ళు ఆరవు. రోజూ తెల్లారగానే ఘటం ఎత్తే మనిషి గుడి కొళాయి దగ్గర వేపపుల్లతో పళ్ళు తోముకుని, పెద్దాళ్ళ ముందు పుక్కిలించి ఉమ్మాలి. ఉమ్మిలో నెత్తురు కనబడిందా, ఆ తల పనికిరాదు. బొగ్గు మోసే కాలంలో నెత్తురు కక్కుకుని పోయేవాళ్ళు ఎక్కువట, అప్పుడు పెట్టిన కట్టుబాటు. ఆ మాత్ర వేసుకుంటే మాత్రం పుల్ల తగిలీ తగలకముందే నా చిగుళ్ళు ఎర్రబడతాయి. బ్రష్షుతో అయితే రాదు. తల్లి ముందు బ్రష్షేమిటి? కాబట్టి మాత్రే ఆగుతుంది. ఏటా ఇంతే.

డాక్టరమ్మకి చెప్పలేదు. ఆవిడకి అసిరితల్లి తెలియదు. మిగతా మాత్రలన్నీ వేసుకుంటున్నాను కదా, కొవ్వుదీ బీపీదీ. ఇన్నేళ్ళూ మానితే ఏమైంది? నాళం మొత్తం మూసుకున్నప్పుడే చావనిదాన్ని, మళ్ళీ మూసుకుంటే మాత్రం చస్తానా? మహా అయితే పాత సత్యవేణినవుతాను.

ఏప్రిల్ 1

ఉమ్మి తెల్లగా ఉంది. రమాకుమారి వంగి మరీ చూసింది. చూసుకో తల్లీ.

ఏప్రిల్ 2

తెల్లగానే ఉంది. రాత్రి నుంచి గ్యాసు.

ఏప్రిల్ 6, ఆదివారం

గ్యాసు కాదు.

గురువారం పొద్దున్న బండి తోస్తుంటే ఛాతీ మీద రోకలి పెట్టి అదిమినట్టయింది. దవడ దాకా లాగేసింది. కూచున్నా తగ్గలేదు. ఈల నోట్లోనే ఉంది, ఊదడానికి ఊపిరి లేదు. చివరి ఇంటి బౌదీ దిగి వచ్చింది. "ఈల వినబడకపోతే నిన్ను తిడదామని కిందికి చూశాను మాశీ" అంది తర్వాత. ఆటోలో ఎక్కించి, తన చీర కొంగుతో నా మొహం తుడుస్తూ ఆస్పత్రి దాకా వచ్చింది. ఆవిడ మీద ఇన్నాళ్ళు రాసినవి కొట్టేయాలి. కొట్టేయను గాని, ఇది కూడా పక్కన ఉండాలి.

డాక్టరమ్మ వచ్చి మాత్రలు వేసుకుంటున్నావా అంది. వేసుకుంటున్నానన్నాను. న్యూ టౌన్ నుంచి పరుగున వచ్చిన అశ్విని సంచీలోంచి డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టింది. నిండుగా ఉంది. నేను కోడలి వైపు గుడ్లురిమి చూశాను. ఆ పిల్ల కళ్ళు దించలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. ఎందుకు మానావని అడిగింది. వేపపుల్ల, ఉమ్మి, కొళాయి అన్నీ చెప్పాను. చెప్పి ఊరుకోకుండా వాదన కూడా పెట్టుకున్నాను. "మొత్తం మూసుకున్న నాళంతోనే ఏళ్ళు బతికాను కదా మేడమ్, మళ్ళీ మూసుకుంటే ఏమిటి?"

ఆవిడ నా మంచం మీదే కూచుంది. "అప్పుడు పెద్ద రోడ్డు మెల్లగా మూసుకుంది కాబట్టి రక్తం పక్క గల్లీల్లోంచి దారి చేసుకుంది. ఆ గల్లీలే నిన్ను బతికించాయి. మేం రోడ్డు తెరిచాం. ఐదేళ్ళుగా గల్లీల్లో నడిచేవాళ్ళు లేరు. నడవని గల్లీ ఏమవుతుందో వీధులు ఊడ్చే నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఒకడు ఇటుకలు పోస్తాడు, ఒకడు సైకిలు కడతాడు, ఇంకొకడు టీ కొట్టు పెడతాడు. రేపు మనిషి పోవాలంటే సందుండదు.

"ఇప్పుడు రోడ్డు ఒక్కసారిగా మూసుకుంటే తప్పుకునే దారి లేదు. పాత సత్యవేణి ఇక లేదు" అంది.

నాకు భయం వేసింది. ఎవరు చదవబోయారు, రాసేస్తాను. చచ్చేంత భయం వేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. బిందె మోయలేనిదాన్ని వంతెన ఎక్కించిన రోడ్డది. తెల్లటి ఉమ్మి కోసం దాన్ని నా చేత్తో నేనే మూసుకోబోయాను.

గుండె కండకి దెబ్బ తగల్లేదట, ఇవాళ ఇంటికి పంపారు. పదో తేదీ గురువారం నాళంలోకి తీగ పంపి చూస్తారు. అప్పటిదాకా మాత్ర ఒక్కపూట మానకూడదు, బరువులు ఎత్తకూడదు, ఎత్తు ఎక్కకూడదు. మంగళవారం ఘటం ఉందన్నాను. "సత్యవేణీ!" అంది. చదును నేల మీద నడవొచ్చా అన్నాను. ఖిదిర్‌పూర్ చేపల బజార్లో కూడా నేను అంత బేరం ఆడి ఎరగను. చివరికి ఆవిడ, మెల్లగా, కొంచెం దూరం, నొప్పి మొదలైన క్షణాన ఆగిపోవాలి అని ఒప్పుకుంది.

"కుండ ఖాళీదేనా?"

"ఖాళీదే మేడమ్."

కొంచెం పసుపు నీళ్ళుంటాయి.

ఏప్రిల్ 7

వేపపుల్ల పెట్టగానే ఎర్రగా వచ్చింది. మందు పట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చానని ఇవాళ కొళాయి దగ్గరికి ఎవరూ రమ్మనలేదు, ఇంట్లోనే ఉమ్మేశాను. రేపు ఇంట్లో ఉమ్మను.

అశ్వినిని పిలిచి చెప్పాను, వంతెన దగ్గర నుంచి నువ్వెత్తాలని. ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. "నానా? తల మారకూడదు గదా అత్తా. అందరూ నన్ను తిడతారు. నా సేతుల్లోంచి పడిపోతే?"

"నిన్ను తిట్టాలంటే ముందు నన్ను దాటి రావాల. ఒంటిపూట తిన్నావు, నా నిష్ఠ వొండినావు. ఇంకేటి గావాల తల్లికి?"

ఏప్రిల్ 8, మంగళవారం

గుడి కొళాయి దగ్గర బస్తీ అంతా ఉంది. డప్పులు కాగుతున్నాయి. నేను పళ్ళు తోముకున్నాను, పుక్కిలించాను, తెల్ల సిమెంటు మీద ఉమ్మాను. ఎర్రగా పడింది. దాచలేదు, నీళ్ళు కొట్టలేదు.

కోదండం చూసి, తల పంకించి, "తల మారాలమ్మా" అన్నాడు. రమాకుమారి చేతిలో చుట్టకుదురు అప్పటికే ఉంది.

నేను కొంగున కట్టుకొచ్చిన మాత్ర విప్పి అందరూ చూస్తుండగా నోట్లో వేసుకున్నాను. కొళాయి నీళ్ళతో మింగాను.

"ఇది నెత్తురు కక్కీ జబ్బు కాదు పెద్దన్నా. మందు పనిసేస్తందని గురుతు. తెల్ల ఉమ్మి కోసరం ఈ మందు మానీసి మొన్న లచ్చివారం సచ్చిపోబోయినాను. ఇన్నేళ్ళూ ఇలాగే మీ కళ్ళు కప్పినాను, ఇక కప్పను. యాట నెత్తురు గడపంతా పోయించుకునే తల్లికి నా సిగుళ్ళ నెత్తురు సుక్క అంటైపోద్దా? అంటైతే ఆవిడ సెప్పాల. మీరు సెప్పితే నాను యినను."

"కట్టుబాటు..." అన్నాడు కోదండం.

"లాక్‌డౌన్ ఏడు గల్లీ సివర్నుంచే ఎనక్కొచ్చీసినాం. గంగ మొగమే సూళ్ళేదు. అప్పుడు కట్టుబాటు ఎక్కడికెల్లింది? ఈ ఏడు వంతెన దాకా నానెత్తుతాను. అక్కడి నుంచి నా కోడలెత్తుద్ది. ఎవులాపుతారో రండి."

గుండె దడదడా కొట్టుకుంటోంది. నొప్పి కాదు, కోపమే. ఇప్పుడు ఆ రెండింటికీ తేడా తెలుస్తోంది.

కోదండం నోరు తెరిచేలోపు రమాకుమారి గొంతు వినబడింది. తల ఎత్తకుండా అంది. "నానూ నిష్ఠకి సుగరు మాత్ర మానీస్తాను పెద్దన్నా. ఇంగిలీసు మందు మైల అనీసి మా యత్త మానిపించింది. కిందటేడు బాత్రూంలో పడిపోనాను. ఎవులికీ సెప్పలేదు."

వెనక నుంచి ఇంకెవరో ముసలామె, "నా బీపీ గోలీ కూడా" అంది.

కోదండం గుడి మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన భార్య నిష్ఠ రోజుల్లోనే పోయిందని అందరికీ తెలుసు. ఏ మాత్ర మానిందో ఎవరం అడగలేదు. లేచి కొళాయి తిప్పి, తన చేత్తో ఆ మరక కడిగేశాడు.

"ఎత్తమ్మా" అన్నాడు.

రమాకుమారే నా నెత్తిన చుట్టకుదురు సర్దింది. ఘటం ఎక్కింది. పసుపు కుండ, చుట్టూ వేపాకు, పైన దీపం. మెల్లగా నడిచాను. డప్పులవాళ్ళు రెండుసార్లు నన్ను దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చారు. చివరి ఇంటి బౌదీ మేడ మీద నుంచి శంఖం ఊదింది. ఆవిడకి అసిరితల్లి ఎవరో తెలియదు, అయినా ఊదింది.

వంతెన మొదట్లో ఛాతీలో కొంచెం బిగిసింది. కొంచెమే. నెల కిందటి సత్యవేణి అయితే ఎక్కేసేది. ఈ సత్యవేణి గ్యాసు అనుకోలేదు. ఆగిపోయి అశ్వినిని పిలిచాను. తల పక్కన తల పెట్టి, రమాకుమారి ఒక చెయ్యీ నేనొక చెయ్యీ వేసి, నేల తాకకుండా మార్చాం. ఆ పిల్ల రెండు చేతులతో కుండ పట్టుకుంది. దీపం వణకలేదు.

వాళ్ళు ఎక్కుతుంటే నేను కింద నిలబడి మెళ్ళో ఈల తీసి ఊదాను. సగంలో అశ్విని ఆగింది. మళ్ళీ ఊదాను. కదిలింది. పొట్టి ఈలే వచ్చింది, అయినా దానికి వినబడింది. వంతెన అవతల డప్పులు దిగిపోయేదాకా ఊదుతూనే ఉన్నాను.

మావ ఎక్కడి నుంచో ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నా వెనక పెట్టాడు. "కూకో. ఓడలు సూస్తావేటి?"

నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ముందు ఏడ్చాను. ఈ ఏడు ఘటం గంగ దాకా నేను మోయకపోవడం బాధగానే ఉంది. ఆ బాధ లేదని రాయను.

ఏప్రిల్ 11

నిన్న చూశారు. స్టెంట్ లోపల సగానికి పైగా ఇరుకైందట. మూసుకోలేదు. బెలూను పెట్టి మళ్ళీ వెడల్పు చేశారు. ఇది ఎన్నాళ్ళుంటుందని అడిగాను. "తెలియదు. మాత్ర మానకపోతే ఎక్కువ నాళ్ళు" అంది డాక్టరమ్మ. లేచి వెళ్ళబోతూ, కుండ నిజంగా ఖాళీదేనా అని అడిగింది. పసుపు నీళ్ళ సంగతి చెప్పేశాను. నెత్తి కొట్టుకుంది.

ఏప్రిల్ 15

వేపపుల్ల మానేశాను. బ్రష్షు. తల్లి ఏమీ అనలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

మళ్ళీ అదే పిల్ల ఫోను. "మాశీమా, ఈసారి దయచేసి ఈల ఊదకండి" అంది ముందుగానే. నవ్వాను. ఊదలేదు. ఒక్కొక్క ప్రశ్నకీ ఉన్నదున్నట్టు చెప్పాను. రెండంతస్తులు ఎక్కగలను, మధ్యలో ఒకసారి ఆగుతాను. బజారుకి నడుస్తాను. నొప్పి వచ్చింది, ఆస్పత్రిలో పడ్డాను. మందు మానాను, అందుకే పడ్డాను. ఇక మానను.

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఘటం ఎత్తాను. ఈ ఏడు వంతెన దాకా. అంతకు ముందు నాలుగేళ్ళు గంగ దాకా."

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఘటం అంటే ఏమిటో, వంతెన ఎక్కడో, చెప్పాను. ఓపిగ్గానే విన్నది. "కాని మాశీమా, అది మా ప్రశ్నల్లో లేదు" అంది.

"స్టెంట్ వేశాక ఐదేళ్ళలో ఏమైందనే కదా నువ్వు అడుగుతున్నది?"

"అవును."

"ఐదేళ్ళలో అయింది అదే. రాసుకో."

అవతల ఆ పిల్ల టకటక టైపు కొట్టిన చప్పుడు వినబడేదాకా ఫోను పెట్టలేదు.